నా దొంగ ఉపవాసం

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ పత్రికలో సాక్ష్యం రాసేవాళ్లు మామూలుగా ఉపవాసముండి ప్రార్థిస్తే దేవుడు చేసిన మేలు గురించి రాస్తారు. నేను మాత్రం ఉండని ఉపవాసం గురించి రాయాలి. ఆ అబద్ధంలో నుంచి, ఆ అబద్ధం వెనకున్న భయంలో నుంచి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో రాయమని మా పాస్టరు అయ్యగారు మూడు నెలలుగా అడుగుతున్నారు, నేను సిగ్గుతో రేపు మాపు అంటూ వచ్చాను. నా పేరు కరుణమ్మ. గిద్దలూరు నుంచి కొమరోలు పోయే దారిలో బస్సు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే మా ఊరు. మా ఆయన ఏలియా గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడుపుతాడు, నేను కూలికి పోతాను, మాకు ఒక్కతే కూతురు గ్రేసి, ఒంగోలులో నర్సింగు చదువుతోంది. మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్దను నేనే, శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపించేదీ నేనే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఎంత ఎత్తు నుంచి పడ్డానో మీకు తెలియాలని చెబుతున్నాను.

నేను పుట్టు పిరికిదాన్ని కాదు. పాముని చూసినా పక్కకు తప్పుకుని పోయేదాన్నే గాని కేక వేసేదాన్ని కాదు. కానీ ఆసుపత్రిలో డబ్బు కట్టే కౌంటరు చూస్తే మాత్రం నాకు చేతులు చల్లబడతాయి. పన్నెండేళ్ల కిందట మా నాయనను కడుపునొప్పితో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం, అది ఏదో చెప్పను, ఇప్పుడు చెప్పి ప్రయోజనమూ లేదు. అద్దం వెనక కూర్చున్నతను అడ్వాన్స్ కట్టి రండి, ఆ తర్వాతే లోపలికి అన్నాడు. మా అన్న డబ్బు కోసం తిరిగి ఊరికి బస్సెక్కాడు. నేను వరండాలో కింద కూర్చుని నాయన తల ఒళ్లో పెట్టుకుని, వచ్చే ప్రతి మనిషిలో అన్నను వెతుక్కుంటూ కూర్చున్నాను. అన్న వచ్చాడు, డబ్బు తెచ్చాడు, నాయన ఆగలేదు. ఆ డబ్బుతోనే పెట్టె చేయించి సమాధి చేశాం! సహోదరులారా, ఆ రోజు నుంచి ఆసుపత్రి అంటే నాకు డాక్టరు కనపడడు, సూది కనపడదు, ఆ అద్దమూ అందులో గుండ్రటి సందూ కనపడతాయి.

ఇక నా సంగతి. మొన్న కాదు, అంతకు ముందు క్రిస్మసు విందులో మందిరం దగ్గర అందరితో పాటు మాంసం కూర తిన్నాను, ఇంటికి పోయేలోపల కుడి పక్కటెముకల కింద పట్టుకుంది నొప్పి, వీపులోకి పొడుచుకుపోయింది, చెమటలు కారిపోయాయి. గ్యాసు అన్నాను, సోడా తాగాను. వారం పోయాక మళ్లీ వచ్చింది, ఆ తర్వాత నూనె తగిలినప్పుడల్లా వచ్చింది, చివరికి అన్నం తినాలంటేనే వణుకు పుట్టింది. జనవరి నెలాఖరులో సరుకులు తెస్తానని ఇంట్లో చెప్పి ఒంటరిగా గిద్దలూరు పోయి స్కాన్ చేయించుకున్నాను. పిత్తాశయంలో రాళ్లున్నాయమ్మా, ఆపరేషన్ చేయించుకో, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది అని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. నేను బతుకుతానా అని అడగలేదు. అడ్వాన్స్ ఎంత కట్టాలి సార్ అని అడిగాను.

మాకు బీమా ఉంది కదా అని మీరు అనుకోవచ్చు. ఉంది! ఒకప్పుడు మా ఆయన కొన్న పాత కారు అమ్మేసినా కాగితాల్లో ఆయన పేరు మీదే ఉండిపోయింది, దానితో మా బియ్యం కార్డు ఊడిపోయింది, ఉచిత వైద్యమూ దానితోనే పోయింది. పోనీలే అనుకునేలోపు స్కూలువాళ్లు డ్రైవర్ల కుటుంబాలకు ఒక పాలసీ తీసుకున్నారు, ఆ కార్డు వచ్చిన రోజు కృతజ్ఞత ప్రార్థన కూడా చేశాం. స్కాన్ సెంటరు మెట్ల మీద కూర్చుని ఆ కార్డు మీద ఉన్న నంబరుకు ఫోను చేశాను. అవతల ఆడపిల్ల ఎంతో మర్యాదగా, మొదటి ముప్పై వేలు మీరే కట్టుకోవాలి మేడం, ఆ పైన అయిన ఖర్చే పాలసీ ఇస్తుంది అని చెప్పింది. దాన్ని డిడక్టబుల్ అంటారట. గొడుగు చేతికిచ్చి, మొదటి వాన మాత్రం మీరే తడవాలి అన్నట్టుంది నాకు. మా దగ్గర ముప్పై వేలు లేకపోలేదు, సరిగ్గా అంతే ఉంది, అది గ్రేసి ఆఖరి సంవత్సరం ఫీజు. ఇంట్లో చెబితే మా ఆయన మరునాడే బ్యాంకుకు పోతాడు, పిల్ల చదువు ఆగిపోతుంది. చెప్పకపోతే అద్దం ముందు నిలబడే పనే లేదు. ఈ రెండో మాట నాకు ఎక్కువ నచ్చింది, అది నిజం.

ఆ స్కాన్ రిపోర్టూ బిల్లులూ మడిచి ఎక్కడ పెట్టానో తెలుసా? నా బైబిలు సంచిలో, జిప్పు ఉన్న లోపలి అరలో. మా ఇంట్లో ఎవరి బైబిలు వాళ్లదే, ఒకరి సంచి ఇంకొకరు ముట్టరు. దేవుని వాక్యం పక్కన దాచితే ఎవరికీ దొరకదనుకున్నాను గాని, ఎవరి దగ్గర దాస్తున్నానో ఆలోచించలేదు. ప్రతి శుక్రవారం స్త్రీల ముందు ఆ సంచి తెరిచేటప్పుడు వేలికి ఆ మడత తగిలేది, తగిలినప్పుడల్లా జిప్పు సరిగ్గా వేశానా అని తడిమి చూసుకునేదాన్ని.

ఇంతలో మిరపకోతలు వచ్చాయి, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాల దినాలూ మొదలయ్యాయి. మొదటి వారమే, చేనులో మధ్యాహ్నం అందరూ సద్దిమూటలు విప్పుకున్నారు, నేను గట్టు మీద ఊరికే కూర్చున్నాను. పక్క సాలు కోసే వెంకటమ్మ చూసింది.

"ఏంది కరుణక్కా, సద్ది తెచ్చుకోలేదా? ఇంద, నాది తిందువు రా" అంది.

"వద్దులే వెంకటమ్మా, నేను ఉపాసం" అన్నాను.

నోట్లో నుంచి అలా వచ్చేసింది. నొప్పి అంటే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రి అంటే అద్దం. ఉపవాసం అంటే ఎవరూ ఇంకో మాట అడగరు. ఎన్ని రోజులు అంటే, నలభై రోజులు అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు కావాలి కదా! ఆ మాట ఆదివారానికల్లా మందిరానికి చేరింది. ఎర్రటి ఎండలో మిరపకాయలు కోస్తూ నలభై రోజుల ఉపవాసం ఉన్న సహోదరి అని అయ్యగారు మైకులో చెప్పి నా కోసం చప్పట్లు కొట్టించారు. నేను తల వంచుకున్నాను, అదీ వినయం అనుకున్నారు. ఇంటికి పోయి తలుపు దగ్గరికి వేసుకుని, దొంగ పిల్లిలా గిన్నెలో ఇంత రాగిజావ తాగేదాన్ని, అదీ సగమే దిగేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని చెబుతాను, ఆ చప్పట్లు నాకు బాగానే అనిపించాయి.

ఏమి ప్రార్థించేదాన్నో వినండి. "ప్రభువా, ఆ రాళ్లను కరిగించు. ఎవరికీ తెలియకుండా కరిగించు. కౌంటరు దగ్గరికి మాత్రం నన్ను పంపొద్దు నాయనా. నీకు అడ్వాన్స్ లేదు కదా, నువ్వే చెయ్యి." ఇదీ నా ప్రార్థన! ఊరందరి ప్రార్థన మనవులు చదివేదాన్ని నేను, మోకాలి నొప్పికీ, పడని బోరుకూ, రాని ఉద్యోగానికీ పేరు పేరునా ప్రార్థన చేయించేదాన్ని నేను, నా మనవి ఒక్కటి మాత్రం పైకి చెప్పుకోలేని దిక్కులేనిదాన్నయ్యాను. జ్వరం వచ్చి పోయేది, మూత్రం పచ్చగా వచ్చేది, ఒళ్లంతా దురద. చేనులో వంగితే లేవలేకపోయేదాన్ని. కాయలు కోస్తూ, ఇప్పుడు ఇక్కడే పడిపోతే నన్ను ముందు ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు, అక్కడ వరండా ఎలా ఉంటుంది, నా తల ఎవరి ఒళ్లో ఉంటుంది, ఒంగోలు నుంచి గ్రేసి సమయానికి వస్తుందా అని ఇదే ఆలోచన. మా ఆయన అడిగితే ఉపవాసం నీరసం అన్నాను. అయ్యగారి భార్య, మా అమ్మగారు, అందరి ముందు నన్ను చూసి, కరుణమ్మా, నీ ముఖంలో ఒక వెలుగు కనపడుతోంది అన్నారు. ఆ సాయంత్రం అద్దంలో చూసుకున్నాను. నా కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

అప్పుడైనా నోరు విప్పానా? విప్పలేదు. ఇంకా మూడు వారాలే కదా, ఉపవాసం ముగిసిందని చెప్పి ఆ తర్వాత ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాను. ఎంత గుడ్డిదాన్నో చూడండి, రోగానికి కూడా నా అబద్ధం ప్రకారం గడువు పెట్టాను!

మా సంఘంలో రూతమ్మ పెద్దమ్మ ఉంది. నా తల్లి తోడబుట్టినది కాదు గాని ఊరందరికీ పెద్దమ్మే, డెబ్భై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా షుగరు. ప్రతి శుక్రవారం ముందు వరసలో కూర్చుని, నేను ప్రార్థిస్తుంటే అందరికంటే గట్టిగా ఆమేన్ అనేది ఆవిడే. నాలుగో శుక్రవారం, మధ్యాహ్నం పాట పాడుతుండగా ఆ ముందు వరసలోనే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమట, కళ్లు తేలేసింది, పిలిస్తే పలకలేదు. ఒకరు విసురుతున్నారు, ఒకరు ఏడుస్తున్నారు, అమ్మగారు ఇంట్లోకి పరుగెత్తి చక్కెర నీళ్లు తెచ్చి పెదవుల మధ్య కొంచెం కొంచెంగా పోశారు. ఎంతసేపో నాకు తెలియదు. ఆ కాసేపట్లో నాకు మా నాయన కనపడ్డాడు. చివరికి కళ్లు తెరిచింది. ఏమైంది పెద్దమ్మా, అన్నం తినలేదా అని అమ్మగారు అడిగితే ఆవిడ చెప్పిన మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

"తొమ్మిది దినాల నుంచి పగలు తినడంల్యా. కరుణమ్మ ఎండలో రెక్కలిరుచుకుంటా నలభై దినాలు ఉపాసం ఉంటే, నీడన కూచునే నాకేంది కష్టం అనుకున్నా. మాత్రలు మాత్రం ఏసుకుంటానే ఉండా, అన్నమే మానేసినా."

అందరూ నా వైపు తిరిగారు. సాతాను ఉపవాసం ఉన్నవాళ్ల మీద పడుతున్నాడు, నువ్వు చెయ్యి పెట్టి ప్రార్థించు కరుణమ్మా అన్నారు. నేను పెద్దమ్మ తల మీద చెయ్యి పెట్టాను. ఆ తల ఇంకా చెమటతో తడిగా ఉంది. ఎన్నో ఏళ్లుగా నోటికి వచ్చిన ప్రార్థన ఒక్క ముక్క రాలేదు. చివరికి వచ్చిన ప్రార్థన ఇది.

"ప్రభువా, నేను ఉపాసం లేను. ఒక్క దినం గూడా లేను. నాకు జబ్బు చేసింది, తింటే నొప్పి, చెప్తే ఆస్పత్రికి పొమ్మంటారని భయపడి అబద్ధం చెప్పినా. నా అబద్ధాన్ని నమ్మి ఈ ముసలితల్లి సావబోయింది. నన్నేం జేస్తావో చెయ్యి ప్రభువా, ఈయమ్మను మాత్రం బతికించు!"

సంచి జిప్పు తీసి ఆ కాగితాలు చాప మీద పెట్టాను. సహోదరులారా, బయట మేకలు మందిరం ఆవరణలో ఆకులు నమిలే చప్పుడు వినపడింది. నన్ను వెలివేస్తారనుకున్నాను, సమాజం పెద్ద పదవి నుంచి తీసేస్తారనుకున్నాను, కనీసం ఛీ అంటారనుకున్నాను. పడుకున్న పెద్దమ్మే ముందు నోరు తెరిచింది.

"నీ ఉపాసం సంగతి తరవాత జూద్దాం గానీ, ముందు నీ కండ్లు జూపీ. అమ్మగారూ, అది వెలుగు గాదు తల్లీ, కామెర్లు!"

మా ఆయనకు ఫోను పోయింది. బస్సు పిల్లలను దింపేసి అలాగే యూనిఫారంతో వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. ఆ రిపోర్టు మీద తేదీ చూసి చాప మీద కూలబడ్డాడు. "రెండు నెలల నుంచి నా పక్కన కూచొని నొప్పి మింగినావా? నిన్ను పోగొట్టుకొని ఆ ఫీజు డబ్బు నేనేం జేసుకోవాలే?" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం వాడుక ఉంది, మీ సంఘాల్లోనూ ఉండే ఉంటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తెస్తాం, ఆరాధన అయ్యాక అయ్యగారు వేలం వేస్తారు. ఆ డబ్బు మూడేళ్లుగా కూడబెట్టింది మందిరం ఆవరణకు గేటు కోసం, మేకల బాధ పడలేక. ఆ రోజు స్త్రీలే ఆ డబ్బు కట్టిన గుడ్డమూట తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నేను వద్దన్నాను, దేవుని సొమ్ము, అబద్ధమాడినదాన్ని, ఎలా తీసుకుంటాను అన్నాను. అయ్యగారు, "మేకలొస్తే రానీలేమ్మా, తోలుకుందాం" అన్నారు.

తెల్లవారి మొదటి బస్సుకు నేను, మా ఆయన, అయ్యగారు ఒంగోలు బయలుదేరాం. దారి పొడుగునా జ్వరంతో వణికాను, పొదిలి దాటాక వాంతులు. ఆసుపత్రిలోకి అడుగు పెట్టగానే అదే అద్దం, అదే గుండ్రటి సందు, నా కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి. అయ్యగారు ఒక పక్క, మా ఆయన ఒక పక్క పట్టుకున్నారు. డిడక్టబుల్ మొత్తం ముందు కట్టాలమ్మా, పాలసీవాళ్ల అప్రూవల్ వచ్చాక ఆపరేషన్ అన్నాడు అద్దం వెనక అతను. అతను చెడ్డవాడు కాదు, వాళ్ల పద్ధతి అది. గుడ్డమూటలో ఉన్నది చాలలేదు. ఇక మా ఆయన ఊరికి బస్సెక్కుతాడు, నేను వరండాలో కూర్చుంటాను, అంతా మళ్లీ అలాగే జరుగుతుంది అనుకున్నాను. అప్పుడు పక్కన బీమా కాగితాలు చూసే అమ్మాయి, ఇంతకుముందు ఈ జబ్బుకు స్కాన్లూ టెస్టులూ ఏమైనా చేయించారా, అరవై రోజుల లోపలి బిల్లులైతే మీరు కట్టాల్సిన ముప్పై వేలలో కలుస్తాయి అంది. నేను సంచి జిప్పు తీశాను. సిగ్గుతో దాచిన ఆ బిల్లులే! ఇంకో వారం దాటి ఉంటే అవి చిత్తు కాగితాలు. మిగిలిన కొరతకు గ్రేసి ఫీజులో కొంత తీయక తప్పలేదు, అబద్ధం చెప్పను, తీశాం. అది పూడ్చడానికి ఆ తర్వాత ఆరు నెలలు పట్టింది, కాలేజీవాళ్లు ఆగారు.

అప్రూవల్ కోసం ఆ పొద్దంతా వేచి ఉన్నాం. మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. మంచం మీద పడుకుని నవ్వొచ్చింది నాకు, సహోదరులారా, ఆ శ్రమకాలంలో నా మొదటి నిజమైన ఉపవాసం డాక్టరు పెట్టాడు! నవ్విన వెంటనే భయం తిరిగి వచ్చింది. ఫోను మోగినప్పుడల్లా అదే అనుకోవడం, కాదని తెలిసి కళ్లు మూసుకోవడం. ఆ భయంలో చేసిన ప్రార్థన ఇది. "ప్రభువా, ఈసారి ఎవురికీ తెలియకుండా చెయ్యమని అడగను. అందరికీ తెలిసిపోయింది. నువ్వు గూడా ఈడనే ఉండు, అంతే సాలు." గ్రేసి కాలేజీ నుంచి పరుగున వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుంది. నా భయాల్లో నేను చూసుకున్న దృశ్యమే అది, కానీ ఆ ఒడి వరండాలో లేదు, లోపల మంచం మీద ఉంది. పొద్దు వాలే వేళకు అప్రూవల్ వచ్చింది. నాళంలో ఇరుక్కున్న రాయిని ముందు తీశారు, రెండు రోజులకు పిత్తాశయం తిత్తినే తీసేశారు. లోపల చీము పట్టడం మొదలైందమ్మా, ఇంకో వారం ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు అని డాక్టరు చెప్పాడు. దేవునికే మహిమ! ఆ వారాన్ని నాకు రూతమ్మ పెద్దమ్మ ఇచ్చింది, తన ప్రాణం మీదికి తెచ్చుకుని ఇచ్చింది.

ఇప్పుడు భయం పోయిందా అని అడుగుతారు. లేదు. ఇప్పటికీ ఆ అద్దం కలలోకి వస్తుంది, ఒంట్లో ఎక్కడ చిన్న నొప్పి వచ్చినా మొదట డబ్బే గుర్తొస్తుంది. దేవుడు నా భయాన్ని కోసి తీసేయలేదు, దాన్ని ఒంటరిగా మోయనివ్వకుండా చేశాడు, నాకు దొరికిన విడుదల అదే. నన్ను సమాజం పెద్దగా ఉండమన్నారు, ఒక సంవత్సరం వద్దన్నాను, ఆ సంవత్సరం రూతమ్మ పెద్దమ్మ నడిపింది, సంచిలో బిస్కెట్లు పెట్టుకుని. పిడికెడు బియ్యం డబ్బు ఇప్పుడు గేటుకు కాదు, మొదటి వానకు, అంటే ఎవరికైనా ఆసుపత్రిలో ముందు కట్టాల్సి వస్తే దానికి. ఇప్పటికి ముగ్గురికి పోయింది. మేకలు మాత్రం ఆరాధనకు తప్పకుండా వస్తున్నాయి.

సహోదరీ, ఇది చదువుతున్న నీతో ఒక్క మాట. దేవుడిని నమ్ము, ఆయన నీకు ఇచ్చిన మనుషులనూ నమ్ము. ఈ పత్రిక చదవడం అయ్యాక నువ్వు కూడా నాలాగే మడిచి బైబిలు సంచిలో పెట్టుకుంటావు. పెట్టేటప్పుడు లోపలి అర జిప్పు తీసి చూడు. అక్కడ ముందే ఒక కాగితం మడత పెట్టి ఉంటే, ఈ పత్రికను బయటే ఉంచి, ఆ కాగితం చేతిలో పట్టుకుని, వచ్చే శుక్రవారం దాకా ఆగకుండా ఈరోజే ఎవరో ఒకరి ఇంటికి పో.